ఆమెన్ అనేదాకా

రోత అంటే ఏమిటో ప్రేమావతికి ఒకరు చెప్పక్కర్లేదు. సర్కారు దవాఖానలో ఏళ్ల తరబడి ఆయాగా పనిచేసిన మనిషి. వాంతులు ఎత్తిపోసింది, చీము తుడిచింది, నీళ్లు రాని రోజుల్లో మరుగుదొడ్లు కడిగింది. ఎన్నడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. రోగి ఒంట్లోంచి వచ్చినదాన్ని చూసి మొహం తిప్పుకునేవాళ్లంటేనే ఆమెకు ఒళ్లు మండేది. అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట, శంషాబాద్‌లో కొడుకు కొన్న కొత్త ఫ్లాట్‌లో, తళతళలాడే నేల మీద నిలబడి ఉండగా కడుపులో తిప్పింది.

ఇంట్లో తెలుగు మాట్లాడొద్దని ఆమెకు చెప్పారు మరి.

చెప్పింది కోడలు వినీల. "అత్తయ్యా, తప్పుగా అనుకోకండి," అని మొదలుపెట్టింది. ఆమెది గుంటూరు వైపు. చేదు మాటైనా సరే చివర ఒక అండీ తగిలించి మెత్తగా చెబుతుంది. "ప్లేస్కూల్లో అనుపమ మేడమ్‌గారు చెప్పారండీ. జేడెన్‌కి మాటలు రాకపోవడానికి కారణం ఇంట్లో ఇన్ని భాషలు వినపడటమేనట. మీదొక తెలుగు, నాదొక తెలుగు, పనావిడతో హిందీ, టీవీలో ఇంగ్లిష్. వాడి బుర్ర గందరగోళం అయిపోతోందట. ఒక్క భాషే ఉంచమన్నారు."

"ఉంచున్రి. ఎవలొద్దన్నరు? తెలుగే ఉంచున్రి," అంది ప్రేమావతి.

"స్కూల్లో ఇంగ్లిష్ కదండీ."

"అయితే?"

వినీల పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్న మొగుడిని మోచేత్తో పొడిచింది. కరుణ్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఏం లేదమ్మా, జర కొన్ని రోజులు పోరని ముంగట నువ్వు మాట్లాడకు. గంతే."

గంతేనట! ఆ గంతే అన్న మాట ఎవరు నేర్పారురా నీకు? విమానాశ్రయంలో మెడకు పట్టీ తగిలించుకుని రోజంతా వచ్చీపోయేవాళ్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడే కొడుకు, కన్నతల్లి నోరు మూయించడానికి మాత్రం ఆమె భాషే వాడుకున్నాడు. ఆమెకు కోడలి మీద కోపం వచ్చింది. కొడుకు మీద మాత్రం అసహ్యం పుట్టింది. కోపం తెల్లారేసరికి పోతుంది. అసహ్యం పోదు, గొంతులో పట్టుకుని కూర్చుంటుంది.

మనవడు జేడెన్‌కు మూడున్నరేళ్లు. బొద్దుగా ఉంటాడు, ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థం చేసుకుంటాడు, నోట్లోంచి మాత్రం రెండే మాటలు. ఆకలేస్తే 'బువ్వ', కోపమొస్తే 'పో'. ఇంతకుమించి రాలేదు. వినీల రాత్రిళ్లు దిండులో మొహం పెట్టి ఏడవడం ప్రేమావతికి తెలుసు. ఆమె బెంగ అబద్ధం కాదు. అందుకే ఎదురు తిరగలేకపోయింది.

అయినా ఒక మాట అడగకుండా ఉండలేకపోయింది. "బిడ్డా, నేను జల్‌పల్లిల పుట్టిన. వాడకట్టంత ఉర్దూ. పాలపండ్లు ఊడకముందే వాళ్ల పిల్లలతోని కొట్లాడుకుంట కొట్లాడుకుంట ఉర్దూ నేర్చిన. ఇంట్ల గీ తెలుగు, గుళ్లె బైబిలు తెలుగు. నా బుర్రకేం కాలె గదా?"

తాము ప్రార్థనకు పోయే మందిరాన్ని ఆమె గుడి అనే అంటుంది. అదీ వినీలకు నచ్చదు, చర్చి అనాలి.

"ఆ రోజులు వేరండీ," అంది వినీల. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "నేను పది దాకా తెలుగు మీడియమే అత్తయ్యా. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటిరోజు లేచి పేరు చెప్పమంటే, మై నేమ్ అని ఆగిపోయాను. తరగతంతా నవ్వింది. ఆ ఏడాదంతా మధ్యాహ్నం అన్నం బాత్‌రూమ్‌లో తలుపేసుకుని తిన్నాను. పద్దెనిమిదేళ్లకి నేర్చుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. వాడు అది పడకూడదు."

బాత్‌రూమ్‌లో అన్నం తిన్న పిల్లను ఏమంటాం? "పోరనికి మాటలొస్తయంటె నా నాలుక కోసిస్త," అంది ప్రేమావతి. నిజంగా కోసిచ్చినట్టే అయింది.

ఆ ఇంట్లో కాసేపటికోసారి నెత్తి మీది నుంచి విమానం పోతుంది. కిటికీ అద్దాలు జలదరిస్తాయి. జేడెన్ ఆడుతున్నది వదిలేసి బాల్కనీలోకి పరుగెత్తి, నానమ్మ కొంగు పట్టి లాగుతాడు. ఇదివరకైతే ఆమె వాడిని చంకనేసుకుని, "అగో, విమానం! ఎవలున్నరు రా అండ్ల? దుబాయ్ పోతున్నరా? పోనియ్, మనం బువ్వ తిందాం," అని ఏదో ఒకటి వాగుతూ ఉండేది. ఇప్పుడు వేలు పైకెత్తి చూపించి ఊరుకుంటోంది. మూగదానిలా! పిల్లవాడు ఆకాశం చూసి, ఆమె నోటి వంక చూసి, మళ్లీ ఆకాశం చూసేవాడు. నోరు కదలదేమిటా అని వాడి అనుమానం. పెదవుల మీద వేలు పెట్టి లాగి చూసేవాడు కూడా. ఆమె పళ్లు బిగపట్టుకునేది.

ఎంతని బిగపడుతుంది? పిల్లవాడు బల్ల ఎక్కబోతే "పడ్తవ్ రా!" అని నోరు జారేది. వెంటనే లోపలి గదిలోంచి కోడలి గొంతు, "అత్తయ్యా, నో తెలుగు." కొడుకైతే దాన్నొక ఆట చేసుకున్నాడు. వచ్చి తల్లి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, "నో తెలుగు గ్రానీ, బ్యాడ్ గ్రానీ," అని నవ్వేవాడు. జేడెన్ కూడా నవ్వేవాడు. గ్రానీ అట. ఆ పిలుపు వింటే ఏదో కడుపునొప్పి మందు పేరు విన్నట్టుండేది ఆమెకు.

ఇదంతా ఒక ఎత్తు. బువ్వ సంగతి ఇంకొక ఎత్తు.

ప్లేస్కూల్ మేడమ్ కొత్త ఉపాయం చెప్పిందట. పిల్లవాడు తెలుగులో ఏదైనా అడిగితే వినపడనట్టు ఊరుకోవాలి. ఇంగ్లిష్‌లో అడిగితేనే ఇవ్వాలి. అవసరం పడితే అదే వస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం జేడెన్ భోజనాల బల్ల దగ్గరికొచ్చి "బువ్వ" అన్నాడు. వినీల గిన్నెలో పప్పన్నం కలిపి పట్టుకుని కూర్చుంది. "ఫుడ్," అంది. "ఫుడ్ అను కన్నా."

"బువ్వ."

"ఫుడ్."

"బువ్వ, బువ్వ!" వాడు గిన్నె మీదికి చేతులు చాపాడు. ఆమె గిన్నె పైకెత్తింది. ఎత్తిన తల్లికి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఎత్తడం మాత్రం మానలేదు. కరుణ్ పక్కనే కూర్చుని కోడికూర తింటున్నాడు. పిల్లవాడు నేల మీద పడి గింజుకున్నాడు, ఎక్కిళ్లు పెట్టాడు, చివరికి నోరు తెరిచి పెట్టుకుని వేలితో గిన్నె చూపించాడు. అప్పుడు పెట్టారు. అడగకుండా ఊరుకున్నందుకు పెట్టారన్నమాట.

ఛీ! కుక్కకైనా విస్తరి వేసి కూర్చోమంటారు. అడుగుతున్న బిడ్డ నోటి ముందు అన్నం ఆడించే చదువు ఏం చదువు? ప్రేమావతి తన కంచం వదిలేసి లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పోయి ఉమ్మింది. ఆ రోజు నుంచి వాడు బువ్వ అనడం మానేశాడు. వేలితో చూపించడం ఒకటే మిగిలింది. ఉన్న రెండు మాటల్లో ఒకటి పోయింది.

ఆ సాయంత్రమే ఆమెకు దారి దొరికింది.

వాళ్లింట్లో పొద్దుగూకే వేళకు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక వాక్యం, తర్వాత ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన. పెద్దవాళ్లది చివర. ఒకరు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకరు నోరెత్తకూడదు. కుక్కర్ కూతలేసినా సరే, ఎవరో వచ్చి తలుపు కొట్టినా సరే, ఆమెన్ అనేదాకా కదలకూడదు. వినీల తండ్రి వాళ్ల ఊళ్లో సంఘపెద్ద. ఆమె ఆ పద్ధతిలో పుట్టి పెరిగిన పిల్ల. ప్రార్థనలో తెలుగు సంగతి ఇంకా ఎవరికీ తట్టలేదు. అది దేవుడితో మాట్లాడేది కదా, పిల్లవాడితో కాదు.

ప్రేమావతి వంతు వచ్చింది. ఎప్పట్లాగే బైబిలు తెలుగులోనే ఎత్తుకుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ సాయంకాల సమయమందు నీ సన్నిధికి వచ్చియున్నాము. నీకు వందనములు చెల్లించుచున్నాము." అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గొంతులో పట్టుకున్నది కదిలింది. "ఇగ చూడు తండ్రీ. గీ ఇంట్ల ఒక పోరడున్నడు. వాడు బువ్వ అన్నడు. బువ్వ అంటె ఏందో నీకు చెప్పాల్నా? అరణ్యంల ఐదువేల మందికి వెట్టినోనివి. వాళ్లనేమన్న ఇంగ్లీషుల అడుగుమన్నవా ప్రభువా? ఆకలైన మొఖం జూసి వెట్టలేదా?"

కరుణ్ గొంతు సవరించుకోవడం వినపడింది. ఎవరూ కళ్లు తెరవలేదు. తెరవకూడదు. ఆమె ఇంకా ఇంకా మాట్లాడింది. ఎంత హాయిగా ఉందో! నెలల తరబడి మూసిన కుళాయి తిప్పినట్టు మాటలు పడ్డాయి. మధ్యలో ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే, జేడెన్ ఆమె మోకాళ్ల దగ్గరికొచ్చి కూర్చుని, నోటి వంక కళ్లప్పగించి చూస్తున్నాడు.

మరునాటి నుంచి ఆమె ప్రార్థనలు పొడుగయ్యాయి. పొద్దున్నుంచీ పిల్లవాడికి చెప్పాలనుకుని మింగినవన్నీ సాయంత్రం దేవుడికి చెప్పేది. పొద్దున పోయిన విమానం ఎంత పెద్దదో చెప్పేది. ఎండకు ఆరేసిన పెసరట్టు రంగు తువ్వాలు ఎలా ఎగిరి కింది వాళ్ల బాల్కనీలో పడిందో చెప్పేది. ఒకరోజు కథే మొదలుపెట్టింది. "తండ్రీ, మా దవాఖానకు ఒక కోతి వస్తుండె. నీకు తెల్వనిదా, నువ్వు పుట్టిచ్చిన కోతే. అది డాక్టరు సారు టిఫిన్ డబ్బ ఎత్తుకొని చెట్టెక్కి కూసున్నది. సారు కింద నిలవడి, గివ్ మి గివ్ మి అంటడు. దానికి ఇంగ్లీషొస్తదా తండ్రీ? నేనేం జేసిన? ఇగో కోతీ, నీ తాత డబ్బనా అది, ఇయ్యి, అన్న. గంతె, ఇసిరికొట్టింది. సారు నెత్తి మీద సాంబారు!"

జేడెన్ కిలకిలా నవ్వాడు. ఎప్పుడెక్కాడో ఆమె ఒళ్లోకి ఎక్కి కూర్చున్నాడు. మూసిన కళ్ల వెనక ఆమెకు వాడి బరువు తెలుస్తోంది, వాడి వేలు తన గడ్డం మీద తెలుస్తోంది. "కో," అన్నాడు వాడు. "కో... కో..."

ప్రేమావతి కళ్లు తెరవకుండా, ప్రార్థన ఆపకుండా, "అవ్ తండ్రీ, కోతి," అంది.

"కో... త్."

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి వినీల అప్పటికే కళ్లు తెరిచి ఉంది. ఆ కళ్లల్లో సంతోషం లేదు, భయం ఉంది. "చూసినవా బిడ్డా? కోతి అన్నడు!" అంది ప్రేమావతి, పిల్లవాడిని గుండెకు హత్తుకుని.

"అది మాట కాదండీ. చప్పుడు," అంది వినీల. "ఇన్ని రోజుల కష్టం అంతా పోతుంది అత్తయ్యా. మేడమ్ ఏం చెప్పారు, ఒక్క కిటికీ తెరిచి ఉన్నా గాలి వస్తూనే ఉంటుందన్నారు. రేపటి నుంచి ప్రార్థన కూడా ఇంగ్లిష్‌లోనే చేద్దాం. మీరు మనసులో చేసుకోండి. దేవుడికి వినపడుతుంది కదండీ."

"దేవునికి ఇనపడ్తది. పోరనికి ఇనపడొద్దు. గంతేనా?"

కరుణ్ పాటల పుస్తకాలు సర్దుతున్నాడు. ఆ పుస్తకాల్ని అంత శ్రద్ధగా ఎన్నడూ సర్దలేదు వాడు.

దేవుడి దగ్గర కూడా నోరు మూసుకు కూర్చోమంటే ఏం మనిషి ఒప్పుకుంటుంది? ప్రేమావతి మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు షేర్ ఆటో ఎక్కి సాతంరాయిలో దిగింది. బెంగళూరు రోడ్డు మీద, కోడి మాంసం దుకాణం పైన, స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతారు. పిల్లవాడు ప్లేస్కూల్‌కి పోయిన వేళ వెళ్లి వచ్చేయొచ్చు. ఇంగ్లిష్‌లోనే ప్రార్థన చేస్తాను, ఎవరు ఆపుతారో చూస్తాను, అనుకుంది.

ఆ క్లాసు చూస్తే దవాఖానే నయమనిపించింది. కింది నుంచి ఈకలు కాల్చిన కంపు. గోడలకు చెమ్మ. నరేందర్ సార్ అని ఒకాయన, పెన్ను మూతతో చెవి గెలుక్కుని, అదే మూతతో బల్ల కొడుతూ పాఠం చెప్పేవాడు. ఉన్నవాళ్లంతా హోటళ్లలో, క్యాబుల్లో, సరుకుల గోదాముల్లో పనికి పోవాలనుకునే పడుచువాళ్లు. వాళ్లకు రోజూ ఒకటే వల్లెవేత, "ఎస్ సార్, సారీ సార్, ఇమ్మీడియెట్లీ సార్." వంగి దండం పెట్టడం తప్ప ఈ ఇంగ్లిష్‌లో ఇంకేమీ లేదా? అని ఆమెకు చిరాకు పుట్టేది. ఒకరోజు అడిగేసింది, "సారూ, ఎవలన్న అన్యాలం జేస్తె తిట్టుడెట్లనో జెప్పు." క్లాసంతా ఘొల్లుమంది. నరేందర్ సార్ నవ్వలేదు. "అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాడు.

నాలుక కూడా పగబట్టింది. జల్‌పల్లిలో ఉర్దూ ఎవరూ పిలవకుండానే నోట్లోకి వచ్చి కూర్చుంది. చదువుకునే రోజుల్లో హాస్టల్‌లో హిందీ బెత్తం దెబ్బలతో వచ్చింది, వచ్చాక పోలేదు. దవాఖానలో నర్సుల నోట విని మందుల పేర్లు, సూదుల పేర్లు పట్టుకుంది. ఇప్పుడు మాత్రం పొద్దున నేర్చిన వాక్యం ఆటో దిగేసరికి ఉండదు. స్నానం చేస్తూ వల్లెవేసేది, బియ్యం కడుగుతూ వల్లెవేసేది. మనవడితో మాట్లాడటానికి ఇన్ని ఆపసోపాలా అని తన మీద తనకే రోత పుట్టేది. మానలేదు.

ఎందుకు నేర్చుకుంటున్నారని సార్ అందరినీ అడిగిన రోజున, ఒకడు దుబాయ్ అన్నాడు, ఒకామె జీతం పెరుగుతుందంది. ప్రేమావతి, "ప్రార్థనకు," అంది. సార్ బోర్డు తుడిచి, ఆమె అడిగినదంతా ఇంగ్లిష్‌లో రాసి పెట్టాడు. క్లాసు క్లాసంతా లేచి నిలబడి, దేవుడా నా మనవడి నోరు తెరువు అని ఇంగ్లిష్‌లో కోరస్ చెప్పింది. ఆ పిల్లల మీద ఆమెకు ఆ ఒక్కరోజు ప్రేమ పుట్టింది.

ఆ శనివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన వేళ, వినీల ముగించాక, ప్రేమావతి గొంతు విప్పింది. "ఓ గాడ్. గుడ్ ఈవినింగ్. మై గ్రాండ్‌సన్ జేడెన్, నో టాకింగ్. ప్లీజ్ ఓపెన్ ది మౌత్. ఐ యామ్ వెయిటింగ్ సార్."

ముక్కుతో నవ్విన చప్పుడు వినపడింది. ఆమె ఆగింది. మళ్లీ "ఓ గాడ్," అంది. ఈసారి కరుణ్ ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని, సోఫా మీద పక్కకు ఒరిగి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. వినీల పెదవి కొరుక్కుంటోంది. పెద్దాళ్లు నవ్వుతున్నారని పిల్లవాడూ నవ్వాడు.

"సారీనే అమ్మా," అన్నాడు కొడుకు, కళ్లు తుడుచుకుంటూ. "దేవునికి గుడ్ ఈవినింగ్ అన్నవ్ గదా, నవ్వాగలేదే."

తల్లి తెలుగులో ప్రార్థన చేస్తుంటే వీడు ఎన్నడైనా నవ్వాడా? కోతి కథ చెప్పినా నవ్వలేదే! ఆమె ఆమెన్ అనకుండానే లేచింది. తర్వాత వినీల వంటగదిలోకి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా చెప్పింది. "మీరు కష్టపడుతున్నారని నాకు తెలుసు అత్తయ్యా. కానీ ఆ ఉచ్చారణ వాడికి అంటుకుంటే వదిలించడం కష్టమండీ. వద్దు."

తెలుగు వద్దు. ఇంగ్లిష్ కూడా వద్దు. ఇంక మిగిలింది గిన్నెల చప్పుడు. అది చేసుకుంటూ ఆమె వానాకాలం గడిపింది. సాతంరాయి పోవడం మానేసింది. జేడెన్ కొంగు లాగడం కూడా తగ్గించాడు. విమానం వస్తే ఒక్కడే వెళ్లి చూసి వచ్చేవాడు. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. పో అనడం కూడా మానేశాడు. చలికాలం వచ్చేసరికి ఇంట్లో మాట్లాడనివాళ్లు ఇద్దరయ్యారు.

అప్పుడే వినీల తండ్రి జ్ఞానదాసు వచ్చాడు. నగరంలో ఏదో పెళ్లికి వచ్చి, మనవడిని చూసి పోదామని దిగాడు. సంఘపెద్ద అంటే సంఘపెద్దే, తెల్లచొక్కా, చంకలో బైబిలు. ప్రార్థన వేళకు అందరూ కూర్చున్నారు. కరుణ్ ఫోన్‌లో ఇంగ్లిష్ పాట పెట్టబోయాడు.

"అదేంటి బాబూ, దేవుడితో మనకి తెలుగే కదా," అన్నాడు జ్ఞానదాసు. "వదినగారూ, ఇంటికి పెద్దవారు. మీరు ప్రార్థన చేయండి."

వినీల నోరు తెరిచింది. తండ్రి ముందు ఏం చెబుతుంది? ప్రార్థన చేయొద్దని చెబుతుందా? మూసేసుకుంది.

ప్రేమావతి కళ్లు మూసుకుంది. ఈసారి కథ చెప్పాలనిపించలేదు. ఎవరినీ దెప్పాలనిపించలేదు. ఎన్నో నెలల తర్వాత తన గొంతు తనకే పరాయిగా వినపడింది. "తండ్రీ," అంది. "నేను ఏమడగ. నా నోరు పోతె పోనియ్. నేను ముసల్దాన్ని, మాట్లాడిన కాడికి చాలు. గీ బిడ్డ నోరు తెరువు. ఒక్క మాట. ఏ బాసల వచ్చినా మంచిదే ప్రభువా. వాళ్ల అమ్మ ఏడుస్తున్నది, నేను చూడలేకపోతున్న. వాని గొంతు ఇననియ్. నీ కాళ్లు మొక్కుత తండ్రీ, వాని..."

చిన్న చెయ్యి వచ్చి ఆమె నోటిని మూసింది.

"నో తెలుగు, గ్రానీ," అన్నాడు జేడెన్. స్పష్టంగా. గంట కొట్టినట్టు. "నో తెలుగు! బ్యాడ్ గ్రానీ!"

వినీల కెవ్వుమంది. "మాట్లాడాడు! నాన్నా, మాట్లాడాడు! వాక్యం, మొత్తం వాక్యం మాట్లాడాడు!" పిల్లవాడిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది, బుగ్గలు తడిపేసింది. జ్ఞానదాసు రెండు చేతులూ పైకెత్తి, "హల్లెలూయా! వదినగారూ, మీ ప్రార్థన ముగియకుండానే దేవుడు ఆలకించాడు!" అన్నాడు. కరుణ్ ఫోన్ తీసి కెమెరా తెరిచాడు. ప్రార్థన మధ్యలో ఆగిపోయిన సంగతి సంఘపెద్దకు కూడా గుర్తులేదు.

ప్రేమావతి అలాగే కూర్చుంది. పెదవుల మీద ఇంకా వాడి చేతి చెమట. బిస్కెట్ పొడి అంటుకుంది. అడిగింది తనే. ఇచ్చిందీ దేవుడే. ఇట్లా ఇస్తాడా? నోరారా ఒక మాట అనడానికి మొదటిసారి నోరు తెరిచిన బిడ్డ, నానమ్మ నోరు మూయడానికి తెరిచాడు. దానికి వీళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఇన్నేళ్ల దవాఖానలో రాని వాంతి ఇప్పుడొస్తుందేమో అనుకుంది.

"మళ్లీ అను కన్నా! సే ఇట్ అగైన్!" అంటున్నారు అందరూ. జేడెన్ నవ్వుతున్నాడు కానీ అనడం లేదు. కెమెరా వంక చూస్తాడు, నానమ్మ నోటి వంక చూస్తాడు, చెయ్యి సగం ఎత్తి ఆగుతాడు. ఇది వాడికి ఆట. ఆటలో అవతలివాళ్ల వంతు కోసం చూస్తున్నాడు.

ముందుగా అర్థమైంది కరుణ్‌కి. "అమ్మా," అన్నాడు, ఫోన్ ఆమె మొహానికి గురిపెట్టి. "జర తెలుగుల ఏమన్న అను. నువ్వంటెనే వాడంటడు."

ఆమె కొడుకు వంక చూసింది. "ఏమనాల్రా?" అని అరిచింది. "బిడ్డ నా నోరు మూసిండు! గది మీకు సంబురమైందా? సిగ్గులేదారా మీకు, థూ!"

"నో తెలుగు, గ్రానీ!" చెయ్యి టక్కున వచ్చి మూసింది. అందరూ ఘొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. "సూపర్! మంచిగొచ్చింది," అన్నాడు కరుణ్, ఫోన్ చూసుకుంటూ.

ఆమె లేవబోయింది. వినీల వచ్చి ముందు మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. నవ్వుతోంది, ఏడుస్తోంది, మొహమంతా తడిసి ఉంది. "అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను, ఇంకొక్కసారి. ఇంకొక్కసారి వాడి గొంతు వింటాను. మీరేం తిట్టినా పడతాను. ఏదో ఒకటి అనండి."

బాత్‌రూమ్‌లో అన్నం తిన్న పిల్ల. ఆ పిల్ల మీద పడిన రోత అంతా దిగి ఇంటిల్లిపాదికీ అంటుకుంది, చివరికి ఈ పసివాడికీ అంటుకుంది. ఎవరిని కడగాలో, ఎక్కడి నుంచి కడగాలో ఆమెకు తెలియలేదు. జేడెన్ ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి పెట్టుకుని, కళ్లు మెరిపిస్తూ, ఎన్నో నెలల తర్వాత వాడు మళ్లీ ఆమె నోటి వంక కళ్లప్పగించి చూస్తున్నాడు. నానమ్మ ఏమంటుందా అని చూస్తున్నాడు. అంటే చాలు, వాడికి మాట వస్తుంది.

ప్రేమావతి గొంతులోనిదంతా మింగింది. చేదుగా దిగింది.

"నా బంగారం," అంది. "బువ్వ తిన్నవా కొడు..."

చిన్న చెయ్యి వచ్చి నోరు మూసింది. "నో తెలుగు, గ్రానీ!" వాడు మళ్లీ చెయ్యి తీసి ఎదురు చూశాడు. ఆమె మళ్లీ నోరు తెరిచింది.